అప్పును రాబడితో కలిపి చూపండి

సంపాదకులకు,

అయ్యా,

పెద్ద టెక్నాలజీ కంపెనీలు డేటా సెంటర్ల నిర్మాణానికి బాండ్లు జారీ చేసినప్పుడల్లా మీ వాణిజ్య పుటలో అప్పు మొత్తం పెద్ద అక్షరాల్లో కనిపిస్తోంది గానీ, ఆ కంపెనీ ఏడాదికి ఎంత ఆర్జిస్తుందో వార్తలో ఎక్కడా ఉండటం లేదు. మా వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో ఇరవై లక్షల బాకీ ఉన్న అడ్తిదారుకు మళ్లీ అప్పు పుడుతుంది, రెండు లక్షల బాకీ ఉన్న కౌలు రైతుకు పుట్టదు. ఇచ్చేవారు బాకీని అతని రాబడి పక్కన పెట్టి చూస్తారు కాబట్టే ఈ తేడా.

ఆపిల్ కంపెనీకి 2023 సెప్టెంబరు నెలాఖరున సుమారు 11,100 కోట్ల డాలర్ల అప్పు ఉంది. వినగానే గుండె ఝల్లుమనే మొత్తమే. అయితే ఆ ఆర్థిక సంవత్సరంలో దాని నిర్వహణ లాభం, అంటే వడ్డీ, పన్నులు తీయకముందు వ్యాపారంపై వచ్చిన లాభం, దాదాపు 11,430 కోట్ల డాలర్లు. తరుగుదల అంటే ఆస్తులు పాతబడినందుకు లెక్కల్లో రాసుకునే ఖర్చు; ఆ ఏడాది చేతి నుంచి నగదు పోదు. అలా తీసివేసిన 1,150 కోట్లను లాభానికి తిరిగి కలిపితే, మొత్తం అప్పు పదకొండు నెలల రాబడికి కూడా సమానం కాదు. పైగా నగదు, తేలికగా అమ్ముకోదగిన సెక్యూరిటీలు కలిపి 16,200 కోట్ల డాలర్లు చేతిలో ఉన్నాయి. ఇంత సొమ్ముండి అప్పెందుకన్న ప్రశ్నకు 2013లోనే జవాబు దొరికింది. ఆ ఏడాది ఆపిల్ 1,700 కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేసింది. నిల్వల్లో అధిక భాగం విదేశాల్లో ఉండటం, వాటిని అమెరికాకు తెస్తే 35 శాతం దాకా పన్ను పడే అవకాశం ఉండటం, వడ్డీ రేట్లు తక్కువగా ఉండటం అందుకు కారణాలు. వాటాదారుల మూలధనంతో (ఆస్తుల్లోంచి బాకీలు పోగా మిగిలేదానితో) అప్పును పోల్చే పాత పద్ధతి ఇక్కడ దారి తప్పిస్తుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి సొంత షేర్లను తిరిగి కొన్నందువల్ల ఆ మూలధనమే 6,200 కోట్ల డాలర్లకు తగ్గిపోయింది.

ఇదే కొలమానంతో అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్‌ను చూస్తే చిత్రం మారిపోతుంది. 2025 మే నెలాఖరుకు దాని అప్పు 9,200 కోట్ల డాలర్లు దాటింది, అంటే ఆపిల్ కంటే తక్కువే; కానీ తరుగుదలకు ముందు నిర్వహణ లాభం సుమారు 2,400 కోట్లే కనుక, అప్పు రాబడికి దాదాపు నాలుగు రెట్లు. ఆ ఏడాది వ్యాపారం నుంచి వచ్చిన నగదు 2,080 కోట్ల డాలర్లు కాగా, ఆస్తుల మీద పెట్టిన ఖర్చు 2,120 కోట్లు. ఆ తరువాత సెప్టెంబరులో మరో 1,800 కోట్ల డాలర్ల బాండ్లు జారీ అయ్యాయి. అప్పు మొత్తాలను మాత్రమే చదివిన పాఠకుడు ఈ రెండు కంపెనీలలో బరువు ఎవరి మీద ఎక్కువో తలకిందులుగా అర్థం చేసుకుంటాడు.

తరుగుదలను తిరిగి కలిపే పద్ధతిని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదని నా అభిప్రాయం. సిమెంటు కర్మాగారం దశాబ్దాలు నిలుస్తుంది. డేటా సెంటర్లలోని కంప్యూటర్లయిన సర్వర్లు అయిదారేళ్లకే పాతబడతాయి, వాటి స్థానంలో కొత్తవి కొనక తప్పదు. 2025 ఆరంభంలో ఫేస్‌బుక్ యజమాని మెటా తరుగుదల లెక్కల్లో కొన్ని సర్వర్ల ఆయుష్షును అయిదున్నరేళ్లకు పెంచగా, అమెజాన్ కొన్నింటి ఆయుష్షును ఆరు నుంచి అయిదేళ్లకు తగ్గించింది. లెక్కల్లో ఇంత వెసులుబాటు ఉన్నచోట, ఖర్చులన్నీ పోను మిగిలిన నగదుతో కూడా అప్పును పోల్చి చూడటమే క్షేమం.

అమెరికా టెక్నాలజీ షేర్లలో మదుపు చేసే మ్యూచువల్ ఫండ్లను ఇప్పుడు హనుమకొండ, కరీంనగర్ ఉద్యోగులు కూడా కొంటున్నారు. కాబట్టి త్రైమాసిక ఫలితాల పట్టికలో షేరు ధర పక్కన నికర అప్పు (చేతిలోని నగదు పోను మిగిలే అప్పు), తరుగుదలకు ముందు లాభం, మిగులు నగదు కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలకపోతే షేరు ధరల గీతల బొమ్మను కాస్త కుదించినా పాఠకులు నొచ్చుకోరు. ఇంకా మొదలుకాని డేటా సెంటర్ లీజుల బాధ్యతలు ఆస్తి అప్పుల పట్టీలో అప్పుగా చేరవు, వార్షిక నివేదికల వివరణల్లో మాత్రమే కనిపిస్తాయి గనుక, ఆ మొత్తాన్ని పట్టిక కింద ఒక వాక్యంలోనైనా తెలుపగలరు.

ఇట్లు,
విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ