ఉగ్గాని నక్కో

కడప,
ఆదివారం రాత్రి

ఒరే సూరీ,

నీ అరటిపండ్ల కథ చదివి పడీపడీ నవ్వినాను. బండివాడి దగ్గర నువ్వు మూడుసార్లు 'వాళపళం' అనడం, వాడు నవ్వాపుకొని 'ఎన్ని కావాల సార్' అని తెలుగులోనే అడగడం, ఇంతలో నీ కొడుకు నీ చెయ్యి లాగి ఆ మాటను అచ్చం తమిళవాడిలా అనేయడం! ఐదేండ్లవాడి ముందు పరువు పోయిందని రెండు పేజీలు ఏడ్చినావు. ఏడువు, తప్పులేదు. కానీ చివర్లో 'మన బుర్రలు తుప్పు పట్టినాయిరా, ఇంక తమిళం నా వల్ల కాదు' అన్నావు చూడు, దానికి మాత్రం నేను ఒప్పుకోను.

పిల్లలు భాషను ఇట్టే పట్టేస్తారంటారు గానీ, నన్నడిగితే వాళ్లంత నిదానంగా నేర్చుకునేవాళ్లు లేరు. నీ కొడుకు నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా తెలుగే విని కూడా, ఏడాది నిండినాక గదా 'అత్త' అన్నాడు! నీకూ ఒక మనిషి రోజంతా వెంటపడి, చెప్పిందే చెప్పి, తప్పు పలికితే ముద్దు పెడతా ఉంటే మూడేండ్లలో తమిళంలో ఉపన్యాసాలే ఇస్తావు. 1978లో స్నో, హోఫ్నాగెల్-హోలే అనే ఇద్దరు, నెదర్లాండ్స్‌కు వచ్చిన ఇంగ్లీషువాళ్లు డచ్చి భాష ఎట్లా నేర్చుకుంటున్నారో కనిపెట్టి చూసినారు. మొదటి నెలల్లో అందరికంటే ముందున్నది 12 నుంచి 15 ఏండ్ల పిల్లలు. పెద్దవాళ్లూ బాగానే లాక్కొచ్చినారు. వెనకబడింది మూడు నుంచి ఐదేండ్ల బుడతలు. పోనుపోను చిన్నవాళ్లే మనల్ని దాటిపోతారు, కాదనను. అయినా నీ కొడుకుకు రోజంతా బడి, సాయంత్రం వీధి. నీకు ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, పొద్దున పాలవాడితో రెండు నిమిషాల తమిళం. ఇదేం పందెంరా?

మా చిన్నదానికి మూడున్నర నిండింది. నిన్న మిద్దె మీద గులకరాళ్లు ఏరి గౌను నిండా వేసుకొని వచ్చింది.

"జేజీ, చూడు, పది రాయిలు!"

"రాయిలు కాదే, రాళ్లు," అంది మా అమ్మ.

"ఆ, రాళ్లు. పది రాయిలు."

మా ఇంట్లో ఎవరూ 'రాయిలు' అనరు. వీధిలోనూ అనరు. ఆవు ఆవులు, బొమ్మ బొమ్మలు అన్నట్టు తనే ఒక సూత్రం కట్టుకొని, దాన్ని రాయికి కూడా తగిలించేసింది. తమాషా ఏమిటంటే, పోయినేడు ఇదే పిల్ల శుభ్రంగా 'రాళ్లు' అనేది. అప్పుడది చిలక పలుకు. ఇప్పుడు సొంత వ్యాకరణం పుట్టింది కాబట్టి తప్పు పుట్టింది. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి తొంగిచూసి, "పది యాడున్నాయే, ఆరే గదా!" అని పోయింది. రాయిలు ఆమె చెవికి ఎక్కనే లేదు. హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్ అనే ఆయన, హాన్లన్ అనే ఆమెతో కలిసి 1970లో రాసింది కూడా ఇదే: తల్లిదండ్రులు పట్టించుకునేది పిల్ల చెప్పింది నిజమా కాదా అని, వ్యాకరణాన్ని దిద్దడం బహు తక్కువ అని.

కడపలో పుట్టి బ్రౌన్ అంటే ఒక్కడే అనుకున్నాను నేను. ఎర్రముక్కపల్లెలో మనం పరీక్షలకు చదువుకుంటామని పోయి ఫ్యాను కింద నిద్రపోయిన లైబ్రరీ ఆయన పేరు మీదిదే గదా. ఆ సి.పి. బ్రౌన్ 1798లో పుట్టినాడు, 1820లో కడపకు వచ్చినాడు. అంటే మీసాలు వచ్చినాక తెలుగులో పడినాడు. ఇంట్లో పండితులను పెట్టుకొని, తాటాకులు కొని, తొమ్మిదేండ్లు తిరిగేసరికి వేమన పద్యాలను ఇంగ్లీషులోకి తెచ్చి అచ్చు వేసినాడు. 1852కల్లా నిఘంటువు. నువ్వు అరటిపండు దగ్గరే ఆగిపోయినావు.

అయినా ఆ పండు విషయంలో నీ నాలుకను తిట్టను. తప్పు చెవిది. వెర్కర్, టీస్ అని ఇద్దరు 1984లో చూపించినారు: ఇంగ్లీషు ఇండ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసికందులు హిందీలోని 'త'నూ 'ట'నూ వేరువేరుగా గుర్తుపట్టినారు. అటువంటి ఇండ్లలోనే పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ తేడా దాదాపు పోయింది. 'పాత పాట' అని దొరకు వినిపిస్తే రెండూ ఒకటే అనుకునేది అందుకే. నీకు ఆ పండు పేరులోని తమిళ శబ్దమూ అంతే. మన తెలుగులో దానికి ఒకప్పుడు 'ఴ' అని అక్షరమే ఉండింది, మన రేనాటి చోళుల శాసనాల్లో కనిపిస్తుంది. మధ్యలో ఎవరో పారేసుకున్నారు, నీ దగ్గరికి వచ్చేసరికి లేదు.

ఇప్పుడు నా పరువు సంగతి విను. పక్కింటి నానీ చేతుల్లో పెరిగింది మా చిన్నది. నానీతో ఉర్దూ, జేజితో తెలుగు, ఎవరితో ఏదో ఒక్కసారీ తడబడదు. రెండూ కలగలిసి ఏదీ రాకుండా పోతుందని మా అమ్మ భయం. నాకు లేదు. అలిగినప్పుడు మాత్రం నాతోనూ ఉర్దూనే. పొద్దున ఉగ్గాని పెడితే "నక్కో!" అంది, వద్దని. ముప్పై ఎనిమిదేండ్లుగా గోడ అవతల ఉర్దూ వింటూ నేను నేర్చుకున్న ముక్క కూడా అదొక్కటే. నీకు నీతులు రాస్తూ నేను ఊరకుంటే ఎట్లా అని సాయంత్రం నానీ ఇంటికి పోయి, టీ తాగి, దారంతా వల్లె వేసిన వాక్యం అప్పగించినాను. "నానీ, చాయ్ బహుత్ అచ్ఛా హై."

నానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా చిన్నది నా మోకాలి మీద ఒక్కటేసి, "నాన్నా, అచ్ఛా కాదు, అచ్ఛీ!" అంది.

టీ ఆడదని నాకెవరు చెప్పినారురా? అడిగితే దానికీ తెలీదు. "అంతే," అని పరుగెత్తిపోయింది, చేతిలో ఇంకా రెండు రాయిలు పట్టుకొని.

దసరాకు వస్తావు గదా. నీ కొడుకును తప్పకుండా తీసుకురా, మా చిన్నది వాడికి ఉర్దూ నేర్పుతుందట. మనిద్దరం మిద్దె మీద కూర్చుందాం.

నీ
రమణ