మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో జెండా పండుగ, ముగ్గుల పోటీలు, మురుగు కాలువల పూడికతీత గురించి చెప్పుకునేవాళ్లం. ఈసారి వాటికి రెండు మాటలు చాలు. ఆగస్టు 15న జెండా ఎగరేశాం. సంక్రాంతికి పోటీలు పెట్టలేదు, ఎవరి వాకిట్లో వాళ్లు ముగ్గేసుకున్నారు. మిగతా ఏడాదంతా మన విజయవాడలో పారే బుడమేరు వాగు వరదదే.

2024 ఆగస్టు 31న పట్టిన వాన అందరికీ గుర్తే. బుడమేరు మళ్లింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 ఆదివారం సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, వాంబే కాలనీలతో పాటు మన వీధులూ మునిగాయి. ఆ కాలువ కలవాల్సిన కృష్ణమ్మే మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. గండ్లన్నీ పూడేసరికి వినాయక చవితి వచ్చేసింది. పందిరి కోసం వసూలైన చందా పాలప్యాకెట్లకు, కొవ్వొత్తులకు, మంచినీళ్లకు ఖర్చుపెట్టాం. ముందుగా మీ అనుమతి తీసుకునే వీలు లేకపోయింది. ఇప్పుడు ఆమోదించమని కోరుతున్నాం.

సాయం రాలేదని అనలేం. పడవలొచ్చాయి, డ్రోన్లతో పొట్లాలు వేశారు, నీళ్లు తీశాక ఫైరింజన్లతో ఇళ్లు కడిగిపెట్టారు. కానీ మొదటి రెండు రోజులూ చాలా మటుకు ఫ్లైఓవర్ దగ్గరే ఆగిపోయింది. పడవలో వచ్చిన జవాను మనవాళ్లను అడిగింది ఒక్కటే: "మంచం పట్టిన వాళ్లు, బాలింతలు ఏ ఇంట్లో ఉన్నారు?" సంఘం పెట్టి ఇన్నేళ్లయినా ఆ మాటకు మన దగ్గర జవాబు లేదు. కార్యవర్గాన్ని ఇప్పటికీ కలచివేస్తున్న విషయం అదే.

నీళ్లు తీశాక రామాలయం అరుగు మీద బల్ల వేసి కూర్చున్నాం. సెప్టెంబరు 17న ప్రభుత్వం సాయం ప్రకటించింది. కింది అంతస్తు మునిగితే 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000, ఆటోకు 10,000, బైకుకు 3,000 రూపాయలు. ప్రకటన అందరికీ తెలుసు. డబ్బు చేతికందే దారే తెలియలేదు. నష్టం రాసుకోవడానికి సిబ్బంది వచ్చినప్పుడు సగం ఇళ్లకు తాళాలు. జనం చుట్టాలిళ్లలో ఉన్నారు. అద్దెకున్నవాళ్ల ఆధార్‌లో సొంతూరి చిరునామా. పేరు జాబితాలోకి ఎక్కినా, ఖాతాకు ఆధార్ లింకు కాకపోతే డబ్బు పడదు.

నాలుగో వీధిలో బట్టలు కుట్టే అమ్మాయి సంగతే చూడండి. కుట్టుమిషను బురదలో కూరుకుపోయింది. ఆధార్ కార్డు, పాస్‌బుక్కు, పిల్లాడి పదో తరగతి మార్కుల మెమో దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసింది. ఒక కార్యాలయంలో ఇంటి యజమానిని తెమ్మన్నారు, ఇంకోచోట జాబితా పంపేశామన్నారు. ఆమెతో కరెంటు బిల్లు, అద్దె కాగితం, గోడ మీద నీటి చార కనిపించే ఫోటో పెట్టించి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇప్పించాం. రసీదు తీసుకున్నాం. రసీదు ఉంటేనే మళ్లీ అడగగలమని ఆ నెల మాకు బాగా తెలిసొచ్చింది. బ్యాంకులో లింకు కూడా చేయించాక, దసరా వెళ్లాక డబ్బు పడింది. ఆ సాయంత్రం అరుగు దగ్గరికొచ్చి, "అన్నయ్యగారూ, మిషను కొన్నాను" అని చెప్పి వెళ్లింది. మెమో మాత్రం అక్షరాలు చెరిగిపోయింది. నకలు కోసం బడిలో దరఖాస్తు పెట్టించాం.

ఆటోల విషయం బాధ కలిగించింది. చాలామందికి థర్డ్ పార్టీ బీమానే ఉంది, వరద నష్టం దాని కిందికి రాదు. పూర్తి బీమా ఉన్న ఒకరిద్దరు ఆత్రంగా ఇంజను స్టార్ట్ చేసి ఇంకా పాడు చేసుకున్నారు. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా, ఫోటోలు తీసి, ముందు బీమా కంపెనీకి చెప్పాలి. తడిసిన నోట్లను పారేయొద్దు, బ్యాంకులో మారుస్తారు. విడదీయలేనంతగా అతుక్కుపోతే మాత్రం రిజర్వ్ బ్యాంకు కార్యాలయంలో ఇవ్వాలి.

వాన చప్పుడుకి ఉలిక్కిపడి లేచే పిల్లలు, పెద్దవాళ్లు మన వీధుల్లో ఇంకా ఉన్నారు. మానసిక ఆరోగ్య సలహాల కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. విపత్తు నిర్వహణ సంస్థ నంబరు 1070, అత్యవసరానికి 112. రెండూ గుడి గోడ మీద పెయింటుతో రాయించాం.

జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం.

వచ్చే వానాకాలం లోపు వీధికొక పుస్తకం పెడుతున్నాం. ఇంట్లో ఎందరు, ఎవరికి ఏ మందులు, లేవలేని వాళ్లెవరు, ఊళ్లో మునగని చోట ఉన్న చుట్టం ఫోన్ నంబరు అందులో రాస్తాం. అద్దె ఇళ్ల వాళ్లనూ తప్పకుండా రాస్తాం. పుస్తకం ఒకటి అరుగు దగ్గర, ఇంకొకటి మేడ మీద ఉన్న సభ్యుల ఇంట్లో ఉంటుంది. మన కుర్రాళ్లు ఇంటికొచ్చినప్పుడు కాస్త కూర్చోబెట్టి వివరాలు చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి