తుప్పు పట్టిన పిక్కులు, తిరుపతి క్షవరం చేసిన మీ కస్టమర్ కేర్

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

అయ్యా,

బిల్లు నకలు, ఫొటోలు మళ్ళీ జతచేస్తున్నాం. పంపడం ఇది నాలుగోసారి. సరుకు వివరాలన్నీ బిల్లులోనే ఉన్నాయి, తిరగరాసే ఓపిక లేదు. మాది తాళాల షాపు. చెవి లేకుండా తాళం తీయడానికి మీ దగ్గర కొన్న ఆరు సెట్ల పిక్కులు, వాటితోపాటు తాళాన్ని తిప్పి పట్టే టెన్షన్ బార్లు తుప్పు పట్టాయి. రెండు సెట్లకైతే ఇంకా సీలు కూడా విప్పలేదు. మా కోపం తుప్పు మీదే అయితే ఒక ముక్క ఉప్పుకాగితంతో పోయేది. నలభై మూడు రోజులుగా మీవాళ్ళు ఆడిస్తున్న ఆట ఏ కాగితంతో పోతుందో తెలియక రాస్తున్నాం.

మొదట ఫోను చేస్తే తెలుగుకి రెండు నొక్కమన్నారు. నొక్కితే హిందీలో పలికారు. "ప్రోడక్ట్ ఆన్ అవుతోందా సార్?" అన్నది తొలి ప్రశ్న. తాళం తీసే పిక్కుకి స్విచ్చి ఉండదమ్మా అంటే, లైన్లో ఉండమని పద్దెనిమిది నిమిషాలు పాట వినిపించి కట్ చేశారు. మా కాల్ మీకు చాలా ముఖ్యమని మధ్యమధ్యలో చెప్పినందుకు సంతోషం.

రెండో ఆయన ఫొటోలు చూసి, "నల్ల పెయింటు లేచింది, సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టండి" అన్నాడు. అమ్మే వస్తువేదో తెలియని మనిషిని ఫోను దగ్గర కూర్చోబెట్టడం మీకే చెల్లింది. అది పెయింటు కాదండీ, బ్లాకోడైజింగ్. కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపిన నీళ్ళు 140 డిగ్రీల దగ్గర మరుగుతుంటే స్టీలు పైపొరే మాగ్నటైట్ అనే నల్లటి ఇనుప ఆక్సైడుగా మారుతుంది. మందం ఒకటి రెండు మైక్రాన్లు. పెయింటు వేస్తే పిక్కు లావెక్కి తాళం సందులో పట్టేస్తుంది, దీంతో ఆ బాధ లేదు. కాకపోతే ఆ పొర నిండా కంటికి కనపడని రంధ్రాలు. అవి నూనె పీల్చుకుని ఉన్నంతవరకే తుప్పు ఆగుతుంది. సబ్బుతో కడిగితే పోయేది ఆ నూనే. ఆయన మాట విని ఉంటే మిగిలిన మంచి పిక్కులు కూడా నాలుగు రోజుల్లో ఎర్రబారేవి.

మూడో ఆవిడ, "మీది సముద్రం పక్క ఊరు కదా, ఉప్పుగాలి" అంది. తిరుపతిలో కొండ కనిపిస్తుందమ్మా, సముద్రం చూడాలంటే బస్సెక్కాలి. కార్తీకంలో వానలు, చెమ్మ ఉన్నాయి, కాదనం. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, అదీ నిజమే. కానీ చెమట తుప్పు వేళ్ళు ఆనిన చోట పడుతుంది. ఇక్కడ ప్రతి పిక్కుకీ పిడి అంచు కిందే మొదలైంది, పక్కనే తెల్లటి పొడి కూడా ఉంది. ఫొటో పెద్దది చేసి చూడండి. నల్లబరిచే తొట్టిలోని ఉప్పు పిడి రివిటు సందులో ఇరుక్కుని, సరిగా కడగకపోతే, గాలిలో తేమ లాక్కుని రోజుల తర్వాత మెల్లగా బయటికి కారుతుంది. పిడి బిగించాక ముంచారా, ముంచాక బిగించారా? చివర్లో నీటిని తోసేసే నూనెలో వేశారా, లేదా? మేం అడిగింది ఇంతే. ఈ రెండు ముక్కలకి రాతపూర్వకంగా జవాబు కావాలి.

జవాబుకి బదులు వైద్యాలు వచ్చాయి. నాలుగో ఆయన రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టమన్నాడు. తుప్పుతోపాటు ఆ నల్ల పొర కూడా కరిగిపోతుందని ఆయనకెవరు చెప్పాలి? పైగా గట్టి స్ప్రింగ్ స్టీలుని ఆమ్లంలో ఉంచితే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసవుతుంది. 0.6 మిల్లీమీటర్ల పిక్కు కొన తాళంలోనే విరిగితే, సిలిండర్ డ్రిల్ చేసి తీయాలి. పైపైన పట్టిన తుప్పుకి నాలుగు సున్నాల స్టీల్ ఉన్ని (అన్నిటికన్నా సన్న రకం), రెండు చుక్కల కుట్టుమిషను నూనె చాలు. మెల్లగా రుద్ది, గుడ్డతో తుడిచి, మళ్ళీ పల్చగా నూనె రాయాలి. ఇది మాకు తెలుసు. సీలు విప్పని పాకెట్టుకి కూడా మేమే చేసుకోవాలంటే డబ్బు మీకెందుకిచ్చినట్టు?

ఐదో ఆయన గ్రాఫైట్ పొడి చల్లి ఆ తోలు పౌచ్‌లోనే భద్రంగా పెట్టమన్నాడు. చెమ్మ ఉన్న స్టీలు మీద గ్రాఫైట్ పడితే సన్న బ్యాటరీలా పనిచేసి తుప్పుని ఇంకా తొందరపెడుతుంది. తోలేమో తేమ పట్టి ఉంచుతుంది. మీరు తుప్పుని ఆపే వీసీఐ కాగితం చుట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి ఉంటే ఈ ఉత్తరమే లేదు.

ఆరో ఆవిడ నికెల్ ప్లేటింగ్ చేసినవి పంపిస్తామంది, మంచిదే. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు 190 నుంచి 220 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి, ప్లేటింగ్‌లో లోపలికి చేరిన హైడ్రోజన్ పోగొట్టారా అని అడిగితే, "మా సీనియర్ మాట్లాడతారు" అంది. ఆ సీనియరే ఏడో మనిషి. మాది షాపు కాబట్టి మేం వినియోగదారులమే కాదట!

మా ఊరి పేరు మీద ఒక మాటుంది, తిరుపతి క్షవరం. వెనకటికి బేరం చేజారకుండా వచ్చినవాళ్ళందరికీ తలా ఒక గాటు పెట్టి కూర్చోబెట్టేవాళ్ళట. కల్యాణకట్టలో ఇప్పుడా పద్ధతి లేదు, మీ ఆఫీసులో ఉంది. ఒక్కొక్కరూ ఒక టికెట్ నంబరిచ్చి, పాతదాన్ని 'పరిష్కరించబడింది' అని మూసేసి, ఇంకొకరికి అప్పజెప్పారు. సర్వదర్శనం క్యూలో అయినా ఎప్పటికో స్వామి కనిపిస్తాడు.

పదకొండేళ్ళుగా మీ సరుకే వాడుతున్నాం. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి తాళాలవాళ్ళు ఏది కొనాలని అడిగితే మీ పేరే చెప్పాం. ఇకమీదట ఏం చెప్తామో మీరే ఊహించుకోండి.

మీ సీనియర్‌కి ఒక మాట చెప్పండి. సొంతంగా పనిచేసి పొట్టపోసుకునేవాళ్ళు బతుకుతెరువు కోసమే కొన్న సరుకు వాణిజ్య అవసరం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే చెప్తోంది. కేసు వేయడానికి రెండేళ్ళ గడువుంది, 5 లక్షల లోపు ఫిర్యాదుకి రుసుమూ లేదు. పదిహేను రోజుల్లో ఆరు సెట్ల డబ్బు, ఆ రెండు ప్రశ్నలకి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఒక ఫోను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఒక కేసు. విప్పని రెండు పాకెట్లు అలాగే ఉంచాం, అక్కడే విప్పుతాం.

ఇట్లు,
తాళాల షాపు, గాంధీ రోడ్డు,
తిరుపతి

తా.క. దీనికి దయచేసి టికెట్ నంబరు పంపకండి. ఇప్పటికే ఏడున్నాయి.