ఫొటోల్లో నవ్వులు సరే, ఆ ఉత్తరం ఎవరు రాయించారు?

సంపాదకులకు,

వేసవి శిబిరాల మీద మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివాను. తాళ్ల మీద పాకే పిల్లలు, రాత్రి మంట చుట్టూ పాటలు, వారం రోజుల్లో మావాడు ఎంత మారిపోయాడో అని మురిసిపోయే తల్లిదండ్రులు, అన్నీ ఉన్నాయి. నిర్వాహకుల మాటలైతే రెండు కాలాలు. ఒక్క పిల్లాడి మాట కూడా లేదు. అది చూశాకే ఇది రాయాలనిపించింది.

మావాడికి పదేళ్లు. పోయిన వేసవిలో పది రోజుల క్యాంపుకి పంపాం. ఫోన్లు ఉండవు, కానీ రోజూ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టేవాళ్లు. జూమ్ చేసి మావాణ్ణి వెతుక్కోవడం, కనిపించగానే "నవ్వుతున్నాడు, బాగానే ఉన్నాడు" అనుకుని పడుకోవడం, ఇదే మా పని. ఫొటో తీసేటప్పుడు ఎవరైనా నవ్వుతారు కదా అన్న ఆలోచన అప్పుడు రాలేదు. ఆరో రోజున ఉత్తరం కూడా వచ్చింది. చాలా ఆనందంగా ఉన్నాను, కొత్త ఫ్రెండ్స్ దొరికారు, మీరు దిగులు పడొద్దు అని. ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాం.

వాడు తిరిగొచ్చాక బ్యాగు విప్పితే అడుగున ప్లాస్టిక్ కవరు, దానికి మూడు ముళ్లు. లోపల దుప్పటి, ముక్కిపోయిన వాసన. మూడో రాత్రి పక్క తడిపేశాడట. చెబితే అందరూ నవ్వుతారని తెల్లారకముందే లేచి, దుప్పటి చుట్టేసి మంచం కిందకి తోసి, పరుపు తిరగేశాడట. మిగతా రాత్రులన్నీ తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. మళ్లీ అలా జరక్కుండా మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేశాడు, పగలంతా ఎండలో ఆడుతూ! ఇదంతా ఒక్కసారిగా చెప్పలేదు. రెండు వారాలపాటు ముక్కలు ముక్కలుగా, అదీ లైటు ఆర్పేశాక మాత్రమే చెప్పాడు.

మరి ఉత్తరంలో అలా రాశావేంరా అంటే, అది రెండోదట. మొదటిదాంట్లో "నన్ను వచ్చి తీసుకెళ్లండి" అని రాశాడు. వాళ్ల కౌన్సెలర్, అంటే క్యాంపులో పిల్లల్ని చూసుకునే కుర్రాడు, చదివి, "ఇది చూస్తే అమ్మ ఏడవదూ? ఇంకోటి రాయి" అని కొత్త కాగితం ఇచ్చాడట. ఆ కుర్రాడు కొట్టలేదు, కసరలేదు, మావాడికి ఇప్పటికీ అతనంటే ఇష్టమే. పందొమ్మిదేళ్లుంటాయేమో. ఇరవై రెండు మంది పిల్లలు పడుకునే గదికి రాత్రిపూట అతనొక్కడే. అంతమందిని ఒక్కడే చూసుకోవాల్సి వస్తే నేనైనా ఏడుపు ఉత్తరాన్ని పక్కన పెట్టి నవ్వు ఉత్తరమే అడిగేదాన్నేమో.

తప్పు వాళ్లదే అనను, నాది కూడా ఉంది. బయల్దేరే ముందు "నచ్చకపోతే ఒక్క మాట చెప్పు, వచ్చేస్తా" అన్నాను. చెప్పే దారే లేదని నాకు తెలుసు, ఫోన్ ఇవ్వరన్న ఫారం మీద సంతకం పెట్టింది నేనే. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2007లో ఈ ఇంటి బెంగ మీదే ఒక నివేదిక ఇచ్చింది. సరిగ్గా ఈ మాటే ఇవ్వొద్దని అందులో ఉంది. నువ్వు అక్కడ ఉండలేవని మాకు ముందే తెలుసు అని పిల్లాడికి చెప్పినట్టు అవుతుందట. దానికి బదులు ముందుగా తెలిసినవాళ్ల ఇంట్లో ఒకటి రెండు రాత్రులు పడుకోబెట్టి అలవాటు చెయ్యాలి, ఎక్కడికి వెళ్లాలన్న నిర్ణయంలో వాణ్ణి కూడా కలుపుకోవాలి, బెంగ రావడం మామూలేనని ముందే చెప్పాలి. ఇవన్నీ నేను వాడు వచ్చాక చదివాను, మనం ఎప్పుడూ అంతే కదా. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఈ బెంగని జబ్బుల్లో చేర్చి నాస్టాల్జియా అని పేరు పెట్టాడు. బెంగ పెట్టుకుంటే పిల్లలకి జ్వరం వస్తుందని మన పెద్దవాళ్లు ఏ పేరూ పెట్టకుండానే చెప్పేవాళ్లు.

క్యాంపులు వద్దని నేను అనడం లేదు. ఫోన్ ఇవ్వకపోవడం కూడా సబబే. అమ్మ గొంతు వింటే అప్పటిదాకా ఆడుతున్న పిల్లాడు కూడా బావురుమంటాడు. కానీ ఫోన్ తీసేసుకున్నాక పిల్లాడికి మిగిలింది ఆ ఒక్క కాగితమే కదండీ, దాన్ని కూడా దిద్దితే ఎలా? "తీసుకెళ్లండి" అని రాస్తే మార్చి రాయమన్నారంటే, నిజం చెబితే పెద్దవాళ్లకి నచ్చదని వాడికి నేర్పినట్టే. రేపు ఎవడో ఒళ్లు తడిమాడనుకోండి, పెద్ద పిల్లలు కొట్టారనుకోండి, ఆ పిల్లాడు నోరు విప్పుతాడా? ఏ పెద్దవాళ్లూ ఒక్క పిల్లాడితో విడిగా గదిలో ఉండకూడదని చాలా క్యాంపులు నియమం పెట్టుకుంటాయి, మంచిదే. కానీ అది ఎవరైనా మీరినప్పుడు మనకి తెలియాలంటే పిల్లాడే చెప్పాలి.

అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల్లో రాత్రి బస ఉండే క్యాంపులకి ఒక లెక్క ఉంది: ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లయితే ఆరుగురికి ఒక్కరు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వాళ్లయితే ఎనిమిది మందికి ఒక్కరు. మావాడి గదిలో ఇరవై రెండుకి ఒక్కరు! డబ్బు కట్టే ముందు నేను అడిగినవి బస్సు ఎన్నింటికి, బట్టలు ఎన్ని జతలు అనే. ఎప్పటినుంచో నడుస్తోంది, పేరున్న క్యాంపు, ఇంకేం అడుగుతాం అనుకున్నాను. అమెరికాలోని టెక్సస్‌లో క్యాంప్ మిస్టిక్ కూడా అప్పటికి దాదాపు వందేళ్లుగా నడుస్తున్నదే. 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది పొంగితే అక్కడ పిల్లలూ కౌన్సెలర్లూ కలిపి 27 మంది చనిపోయారు. ముంపు ప్రాంతంలో పిల్లల్ని పడుకోబెట్టకూడదని అక్కడ అదే ఏడాది చట్టం చేశారు.

ఏ గదిలో ఎంతమంది పిల్లలకి రాత్రి ఎవరు తోడుంటారో, ఈత దగ్గర ఎవరు నిలబడతారో, వాన ముంచుకొస్తే ఎక్కడికి తీసుకెళ్తారో రాసి ఇవ్వని క్యాంపుకి అనుమతి ఇవ్వకూడదు. పిల్లలు రాసిన ఉత్తరం ఎవరూ విప్పకుండా ఇంటికి చేరాలి. మీరు కూడా వచ్చే ఏడాది ఈ పేజీ వేసేటప్పుడు, వెళ్లొచ్చిన పిల్లల్ని ఓ నలుగురిని వాళ్ల ఇళ్లలో కూర్చోబెట్టి అడగండి, క్యాంపు వాళ్లు పక్కన లేకుండా.

ఇంత జరిగినా మావాడు ఈసారి కూడా వెళ్తానంటున్నాడు. నీళ్ల మీద తేలడం వచ్చింది, ఏవో ముళ్లు నేర్చుకొచ్చి కిటికీ తెరలన్నీ విప్పరాకుండా కట్టి పెట్టాడు. ఈ మధ్య మూడు చోట్లకి ఫోన్ చేశాను. ఇద్దరు నా ప్రశ్నలకే విసుక్కున్నారు. మూడోచోట వాళ్లే ఎదురు నాలుగు పేజీల ప్రశ్నలు పంపారు, మందులేమైనా వాడుతున్నాడా, చీకటంటే భయమా, రాత్రి పక్క తడుపుతాడా అని. అక్కడికొచ్చేసరికి పెన్ను ఆపి వాడి వైపు చూశాను.

"రాసెయ్ అమ్మా. కానీ ఇంకో దుప్పటి కూడా పెట్టు" అన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు