చైన్‌సా అమ్మేవాళ్లు బ్రేకు ఎక్కడుందో కూడా చూపించరా?

సంపాదకులకు నమస్కారం.

తుపాన్ల కాలం దగ్గరపడింది కాబట్టి మీ పత్రిక ద్వారా ఒక మాట అడగాలని రాస్తున్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా ఉద్దానం మీద విరుచుకుపడి కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు, దారులకు అడ్డంగా పడ్డ చెట్లు తీయడానికి గొడ్డళ్లు చాలక పెట్రోల్‌తో నడిచే చైన్‌సాల (గొలుసు రంపాల) కోసం అందరం పరుగులు పెట్టాం. అప్పట్నుంచి ఈ మిషన్ మా వైపు మామూలు సామాను అయిపోయింది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తోంది, టౌన్‌లో పంపుసెట్ల షాపుల్లోనూ దొరుకుతోంది. మంచిదే, మనుషుల కష్టం తగ్గింది. కానీ దాన్ని అమ్మేవాడు పెట్రోల్ ఎక్కడ పోయాలో చూపించి, తాడు లాగి ఒకసారి స్టార్ట్ చేసి, బిల్లు చేతిలో పెట్టి పంపేస్తున్నాడు. లుంగీ పైకి కట్టి, హవాయి చెప్పులతో, నిచ్చెన ఎక్కి తల కంటే ఎత్తులో కొమ్మలు కోస్తున్న కుర్రాళ్లను చూస్తుంటే గుండె దడదడలాడుతోంది.

ముందు పిడి ఎదురుగా నల్లటి ప్లాస్టిక్ రెక్క ఒకటి ఉంటుంది. చాలామంది అది చేతికి పొట్టు తగలకుండా పెట్టిన అడ్డం అనుకుంటారు, నిజానికి చైన్ బ్రేకు అదే. ముందుకు తోస్తే చైన్ ఠక్కున ఆగాలి. మా ఊళ్లో ఒక మిషన్‌కు ఈ రెక్క విరిగిపోతే రిపేరుకు తీసుకెళ్లారు, ఆ మెకానిక్ "ఇది లేకపోయినా నడుస్తుంది సార్" అని మొత్తం ఊడదీసి ఇచ్చాడు. నడుస్తుంది, నిజమే! బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) కొస పైభాగం దేనికైనా తగిలిన క్షణాన ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. తిరుగుతున్న చైన్ అక్కడ పట్టుకుందంటే బార్ మొత్తం పైకి లేచి కోసేవాడి మొహం మీదకు, మెడ మీదకు వస్తుంది. మనిషి ఆలోచించుకునే టైమ్ ఉండదు. ఎడమ మణికట్టు ఆ రెక్కకు తగలడమో, ఆ కుదుపుకు రెక్క దానంతట అదే పడడమో జరిగి చైన్ ఆగితేనే బతికిపోతాడు. అందుకే రెండు చేతులతో పట్టుకోవాలి, ఎడమ బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి ఉండాలి, భుజం కంటే ఎత్తులో కోయకూడదు, తల బార్‌కు తిన్నగా కాకుండా కాస్త ఎడమ పక్కకు ఉండాలి. ఇవన్నీ మిషన్‌తో వచ్చే పుస్తకంలో ఉంటాయి, కానీ ఆ పుస్తకం తెలుగులో ఉండదు కదా.

స్టార్ట్ చేయడమూ అంతే. వీడియోల్లో చూసి, మిషన్‌ను ఒక చేత్తో గాల్లో కిందకు విసురుతూ ఇంకో చేత్తో తాడు లాగడం ఇప్పుడొక స్టయిల్ అయింది. ఇంజిన్ అందుకున్న క్షణంలో చైన్ తిరుగుతుంటే అది తగిలేది తొడకే. బ్రేకు వేసి, మిషన్‌ను నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడి పాదం ముందు భాగం పెట్టి నొక్కి, ఎడమ చేత్తో ముందు పిడి పట్టుకుని లాగితే పోయేదేముంది, మహా అయితే నడుం కాస్త వంచాలి. పెట్రోల్ పోసిన చోటే స్టార్ట్ చేయకుండా పది అడుగులు పక్కకు జరగాలి, ఇంజిన్ వేడిగా ఉండగా ట్యాంకు మూత తీయకూడదు. బీడీ సంగతి నేను వేరే చెప్పాలా?

తుపాను తర్వాత పడిపోయిన చెట్టును కోయడం నిలబడ్డ చెట్టును కోయడం లాంటిది కాదు, ఈ మాట మాత్రం అందరూ వినాలి. రెండు కొసలు ఎత్తు మీద ఆని మధ్యలో గాల్లో ఉన్న మానును పైనుంచి కోసుకుంటూ పోతే అది కిందకు కుంగి బార్‌ను పట్టేస్తుంది. పైనుంచి మూడో వంతు కోసి ఆపి, మిగతాది కింద నుంచి కోయాలి. ఒక కొసే ఆని రెండోది వేలాడుతుంటే దీనికి తలకిందులు, ముందు కింద నుంచి కొంచెం, తర్వాత పైనుంచి. వేళ్లతో సహా పెకలించుకుని పడిన చెట్టు ఇంకా ప్రమాదం. మానును మొదలు దగ్గర కోయగానే బరువు తగ్గి, మట్టితో ఉన్న ఆ వేళ్ల దిమ్మ మళ్లీ గుంతలోకి లేచి పడొచ్చు. పిల్లలు ఆడుకోవడానికి దిగేది సరిగ్గా ఆ గుంతలోకే. కొమ్మల మధ్య కరెంటు తీగ కనిపిస్తే మిషన్ పక్కన పెట్టి 1912కి ఫోన్ చేయడం తప్ప ఇంకో దారి లేదు. కరెంటు పోయిందిలే అని చేయి పెట్టొద్దు, పక్కింటి ఇన్వర్టరో, జనరేటరో వెనక్కి కరెంటు పంపుతుందేమో ఎవరికి తెలుసు.

ఇక మెయింటెనెన్స్. కొబ్బరి మాను బయట రాయిలా గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది కాబట్టి చైన్ పదును తొందరగా పోతుంది. పైగా మన చెట్లకు బట్టలారేసే తీగల కోసం కొట్టిన మేకులు ఎన్ని ఉంటాయో కొట్టినవాళ్లకే గుర్తుండదు. కోస్తుంటే పేళ్లు రాలుతున్నంతసేపు చైన్ బాగున్నట్టు, పిండిలాంటి పొట్టు రాలుతుందంటే మొద్దుబారినట్టు. అప్పుడు మనవాళ్లు చేసే పని మిషన్ మీద బరువు వేసి నొక్కడం. చేతులు అలిసిపోయేది, పట్టు జారేది అక్కడే. గుండ్రటి ఆకురాయి తీసుకుని (చైన్ సైజును బట్టి 4 మిల్లీమీటర్లో, 4.8 మిల్లీమీటర్లో, షాపులో అడిగి తీసుకోండి) ఇంజిన్ ఆపి, చేతికి గ్లౌజు వేసుకుని, ఒక్కో పంటికి లోపల నుంచి బయటకు, ఒకే వైపు, అన్నిటికీ సమానంగా రాస్తే సరిపోతుంది. వెనక్కి లాగుతూ రుద్దితే ఆకురాయే పాడవుతుంది. టీ తాగే టైమ్‌లో అయిపోయే పని.

చైన్ వదులుగా ఉంటే బార్ మీద నుంచి ఊడి మీదకు వస్తుంది, మరీ బిగిస్తే బార్ అరుగుతుంది. కింది వైపు చైన్ బార్‌కు ఆనుకుని ఉండి, గ్లౌజు చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి, అదే సరైన టెన్షన్. పని మధ్యలో వేడెక్కి సాగిన చైన్‌ను బిగించినవాళ్లు పని అయ్యాక మళ్లీ వదులు చేయాలి, లేకపోతే చల్లారి కుదించుకుపోయి లోపలి బేరింగ్‌ను లాగేస్తుంది. చైన్ ఆయిల్ బదులు బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పోస్తున్నారు, దయచేసి మానేయండి, దాంట్లో ఇనుప రజను ఉంటుంది, ఆయిల్ పంపు మూసుకుపోతుంది. పెట్రోల్ పోసిన ప్రతిసారీ చైన్ ఆయిల్ కూడా నింపాలి. పెట్రోల్లో టూ స్ట్రోక్ ఆయిల్ ఎంత కలపాలో మిషన్ పుస్తకంలో చూసి కలపాలి, 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. పోయిన ఏడాది కలిపి మూల పెట్టిన డబ్బాలో పెట్రోల్ తుపాను రోజున పోస్తే కార్బురేటర్ మొరాయించక ఏం చేస్తుంది? నెలకు సరిపడా మాత్రమే కలుపుకుని, మిషన్ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయండి.

అడిగేది పెద్దదేం కాదు. రైతు సేవా కేంద్రాల్లో ఎరువుల గురించి, విత్తనాల గురించి చెబుతున్నారు కదా, సెప్టెంబరులో ఒక పూట ఈ మిషన్ పట్టుకునేవాళ్లను పిలిచి, పడిపోయిన మాను ఒకటి ముందు పెట్టి, అనుభవం ఉన్నవాళ్లతో చేయించి చూపించమనండి. ఉపన్యాసాలు వద్దు. అమ్మే షాపులు మిషన్‌తో పాటు కళ్లద్దాలు, చెవి మూతలు, కాళ్లకు కట్టుకునే రక్షణ ప్యాంటు కూడా దగ్గర ఉంచుకోవాలి. ఆ ప్యాంటు లోపలి దారాలు చైన్‌కు చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి, అంత ముఖ్యమైన వస్తువు మా చుట్టుపక్కల ఏ షాపులోనూ కనిపించదు. పది వేలు పెట్టి మిషన్ కొనేవాడు కాలు కోసం ఇంకొంత పెట్టలేడా, అడిగితే కదా తెలిసేది.

ఈలోపు ఎవరైనా కొనడానికి వెళ్తుంటే డబ్బు కట్టకముందే అక్కడే స్టార్ట్ చేయించండి. రేజ్ చేసి బ్రేకు వేసి, చైన్ వెంటనే ఆగుతుందో లేదో చూపించమనండి. రేజ్ వదిలేశాక ఇంజిన్ నడుస్తున్నా చైన్ తిరగకూడదు, అదీ చూడండి. చూపించడం రాదంటే ఇంకో షాపుకు వెళ్లండి.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా