పసిబిడ్డతో గ్రీసుకు: మూడు దీవుల ప్రయాణం ఆపేస్తున్నాం

మా దగ్గర గ్రీసు ప్రయాణం బుక్ చేసుకున్నవారికీ, చేసుకోవాలనుకుంటున్నవారికీ నమస్కారం.

ఈ వేసవి నుంచి మూడేళ్లలోపు పిల్లలున్న కుటుంబాలకు ‘మూడు దీవులు, ఆరు రాత్రులు’ ప్రయాణం అమ్మడం మానేస్తున్నాం. దాని బదులు ఒకే దీవి. నాక్సోస్‌లో ఆరు రాత్రులు, తిరుగు విమానానికి ముందు ఏథెన్స్‌లో ఒక రాత్రి. శాంటోరినిలో బస ఉండదు. ఈ మాట కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. అక్కడి నీలి గోపురాల ముందు బిడ్డను ఎత్తుకుని ఫొటో దిగాలన్న ఆశతోనే చాలామంది మాకు మొదటి ఫోను చేస్తారు. అందుకే కారణం దాచకుండా చెబుతున్నాను.

నిరుడు జూలైలో పదకొండు నెలల బాబు ఉన్న ఒక జంటను పంపాను. మికొనోస్, పారోస్, శాంటోరిని, ఒక్కోచోట రెండేసి రాత్రులు. చివరి రోజు పొద్దున శాంటోరిని నుంచి వేగపు పడవలో ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవుకు చేరి, ఆ రాత్రే విమానం ఎక్కాలి. కాగితం మీద బోలెడంత వ్యవధి కనిపించింది. అయితే జూలై, ఆగస్టు నెలల్లో ఈ దీవులున్న ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి ఒక గాలి వీస్తుంది. అక్కడివారు దాన్ని మెల్తెమి అంటారు. మబ్బు తునక కూడా ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం రోజుల తరబడి తగ్గదు. గాలి బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో 8కి చేరితే పెద్ద ఓడలను కూడా సాధారణంగా రేవు దాటనివ్వరు. వేగపు పడవలు అంతకన్నా ముందే ఆగిపోతాయి.

వారి పడవ ఆగిపోయింది. కొండ అడుగున ఉన్న రేవులో, వందలమంది మధ్య, నాలుగు గంటలు కూర్చున్నారు. “అక్కా, బాబుకు పాలు కలపడానికి వేడినీళ్లు అడుగుదామన్నా కాఫీ కొట్టు దాకా వెళ్లలేకపోతున్నాం, అంత జనం” అని ఆ అమ్మాయి ఫోనులో ఏడ్చింది. విమానం తప్పిపోయింది. కొత్త టికెట్ల డబ్బు మేమే కట్టాం. కట్టక తప్పదు కూడా. మెల్తెమి సంగతి తెలిసి ఉండీ పడవనూ విమానాన్నీ ఒకే రోజున పెట్టింది నేను. ఆ తల్లి ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సెప్టెంబరులో మా పదహారు నెలల పాపను తీసుకుని, మావారితో, అమ్మతో కలిసి నేనే బయల్దేరాను. ఇంతకుముందు ఆ దీవులకు రెండుసార్లు వెళ్లాను గానీ, చంకలో బిడ్డతో వెళ్లడం అదే మొదటిసారి.

ముందు శాంటోరిని. ఫిరా, ఇయా ఊళ్లు అగ్నిపర్వతం పేలి కుంగిన మహా గొయ్యి అంచున ఉన్నాయి. సుమారు 3,600 ఏళ్ల కిందటి పేలుడు, అంతకుముందువీ కలిసి ఈ రోజు మనం చూసే ఆ కొండను ఇంత నిటారుగా చేశాయి. అందం ఆ నిలువులోనే ఉంది, కష్టమూ అక్కడే ఉంది. మా గదికి వెళ్లాలంటే అరవై మూడు మెట్లు. స్ట్రోలర్‌ను మొదటి రోజే మడిచి మూల పెట్టేశాం. మెట్ల పక్కన గోడలు చాలాచోట్ల నా మోకాలి ఎత్తు, అటువైపు కొండవాలు. అప్పుడప్పుడే పరుగు నేర్చిన పిల్లకు అదంతా ఆటస్థలం. రెండు రోజులూ ముగ్గురం వంతులవారీగా దాని చేయి పట్టుకునే ఉన్నాం. పిల్లల మంచం ఉంటుందని రాసి ఇచ్చిన హోటల్లో తీరా చూస్తే పెద్దవాళ్ల మడత మంచం వేశారు. పాప నా పక్కనే గోడవైపు పడుకుంది, నేను నిద్రపోలేదు. 2025 ఫిబ్రవరిలో వరుస భూకంపాలు వచ్చి వేలమంది ఆ దీవి విడిచి వెళ్లారు కదా, అందుకేనా అని కొందరు అడిగారు. కాదండీ. మెట్లు, గోడలు, నిద్ర. ఈ మూడే.

తర్వాత నాక్సోస్. ఈ దీవులన్నీ ఉన్న సైక్లాడీస్ సమూహంలో అన్నిటికన్నా పెద్దది. ఇక్కడివారు బంగాళాదుంపలు పండిస్తారు, ఆవులను మేపుతారు, గ్రావియేరా అనే చీజ్ చేస్తారు. మనలాంటివాళ్లం వెళ్లకపోయినా ఆ ఊరు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఆ తేడా పిల్లలతో వెళ్లినప్పుడు బాగా తెలుస్తుంది. ఊరిని ఆనుకునే అయ్యోస్ యోర్యోస్ తీరం ఉంది. అక్కడ మెత్తని ఇసుక, చాలా దూరం దాకా లోతు లేని నీళ్లు. పాప ఒక ప్లాస్టిక్ గ్లాసుతో సముద్రాన్ని ఒడ్డుకు పోసే పనిలో పడితే గంటన్నర దాకా మా వంక చూడలేదు.

వేసవి వేళల్లో గ్రీసు గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇంట్లో ఏడింటికి లేచే పిల్ల అక్కడ నాలుగున్నరకే లేచి కూర్చుంది. గదిలో ఏడిస్తే పక్కవారికి ఇబ్బందని చీకట్లోనే రేవు వైపు నడిచాం. ఆరు కాకముందే ఒక రొట్టెల కొట్టులో దీపం వెలిగింది. నల్ల బట్టలు కట్టుకున్న ఒక ముసలావిడ బయటికి వచ్చి, నువ్వులు అద్దిన వేడి వేడి గుండ్రటి రొట్టె, కులూరి అంటారు, పాప చేతిలో పెట్టింది. ముఖంలోకి తేరిపార చూసి “ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ” అని మూడుసార్లు ఉమ్మినట్టు అంది. నేను బిత్తరపోయాను. అమ్మ మాత్రం నవ్వి, “దిష్టి తగలకుండానే” అంది. పాప అరికాలిని ఎత్తి కాటుక చుక్క చూపించింది. ఆవిడ తన మెడలోని నీలి కంటి పూసను బయటికి తీసి చూపించింది. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక్క మాట రాదు. ఆ తర్వాత ఐదు రోజులూ తెల్లవారుజామున అమ్మే పాపను తీసుకుని అక్కడికి వెళ్లింది, నేను పడుకున్నాను.

మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా అక్కడ వేసవిలో నిశ్శబ్ద వేళ. చప్పుడు చేయకూడదని నిబంధనే ఉంది. బిడ్డ నిద్రకు ఇంతకన్నా ఏం కావాలి? రాత్రి పదింటికి పిల్లలు భోజనశాలల్లో బల్లల మధ్య తిరుగుతుంటే ఎవరూ విసుక్కోరు.

తిండి గురించి అందరూ అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బియ్యం, పెరుగు ప్రతి దుకాణంలోనూ దొరుకుతాయి. వంటగది ఉన్న గదే ఇస్తాం కనుక పెరుగన్నానికి లోటు ఉండదు. ఇంట్లో వేయించి పొడి చేసిన ఉగ్గు తీసుకెళ్లాం, ఎవరూ ఆపలేదు. నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలను యూరప్‌లోకి తేనివ్వరు. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది, మనిషికి 2 కిలోల దాకా, కంపెనీ డబ్బాలో ఉండాలి. ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. అక్కడ పెరుగు మీద తేనె పోసి ఇస్తారు. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకూడదు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. మన ఇళ్లలో నాలుకకు తేనె రాసే అలవాటు ఉంది కాబట్టి పెద్దవాళ్లకు బయల్దేరే ముందే చెప్పండి. తాగడానికి సీసా నీళ్లే వాడండి.

ఇక ఓడ. పిరేయస్ నుంచి పొద్దున బయల్దేరే పెద్ద ఓడలోనే పంపుతాం. నాక్సోస్‌కు ఐదు గంటలకు పైగా పడుతుంది. వేగపు పడవ గంటో గంటన్నరో ముందు చేరుస్తుంది గానీ, అల ఉన్న రోజు కుదుపుకు పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది. పెద్ద ఓడలో పిల్ల నడవడానికి చోటుంటుంది, బయటి గాలి ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు డబ్బు తీసుకోరు, కానీ పేరుతో టికెట్ ఉండాలి. అది మేమే తీస్తాం. దిగేటప్పుడు అందరినీ ముందే కింద వాహనాలు ఉండే అంతస్తుకు పంపుతారు. ఇంజిన్ల హోరు, పొగ, ఇనుప గొలుసుల చప్పుడు. తలుపు ఒక్కసారిగా సముద్రం వైపు తెరుచుకుంటుంది. పాప అక్కడ బెదిరిపోయింది. స్ట్రోలర్ మడిచి, బిడ్డను గుండెకు కట్టుకుని దిగండి. నాక్సోస్ రేవులో మా తరఫు కారు ఉంటుంది. టాక్సీల్లో పిల్లల సీటు దొరుకుతుందని నమ్మలేం కనుక సీటున్న కారునే మాట్లాడాం, దాని ఫొటో మీకు ముందురోజే పంపుతాను. పిల్లల మంచం ఫొటో కూడా, ఆ రోజు తీసిందే.

జూలై, ఆగస్టు నెలలకు పసిపిల్లలున్నవారి నుంచి బుకింగులు తీసుకోం. మే, జూన్, సెప్టెంబరు మాత్రమే. దీనివల్ల మా ఆదాయం తగ్గుతుంది, కానీ ఆ గాలిలోకి ఇంకో బిడ్డను పంపలేను. ఏథెన్స్‌లో అదనపు రాత్రికీ, వంటగది ఉన్న గదికీ కలిపి జంటకు 18,000 రూపాయలు పెరుగుతుంది. ఇప్పటికే డబ్బు కట్టినవారి దగ్గర ఆ తేడా తీసుకోం.

వీసా విషయానికి వస్తే, బిడ్డకు వేరే పాస్‌పోర్టు, వేరే దరఖాస్తు కావాలి. ఆరేళ్లలోపు పిల్లలకు రుసుము లేదు, పన్నెండేళ్లలోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. 30,000 యూరోలకు తగ్గని ఆరోగ్య బీమా బిడ్డకూ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు, ఆలస్యం చేయకండి.

ఒంట్లో బాగా లేకపోతే ఆకుపచ్చ శిలువ గుర్తున్న మందుల దుకాణానికి వెళ్లండి. నాక్సోస్‌లో ఆసుపత్రి ఉంది, కానీ చిన్నది. గుండె జబ్బో, మూర్ఛలో, పుట్టుకతో వచ్చిన మరే ఇబ్బందో ఉన్న బిడ్డకైతే ముందు మీ పిల్లల డాక్టరును అడగండి, ఆ తర్వాతే నాకు ఫోను చేయండి. అత్యవసరానికి 112.

శాంటోరిని లేకుండా వద్దనుకునేవారికి కట్టిన డబ్బంతా వెనక్కి ఇస్తాం, కోత ఉండదు. మే నెలకు బుక్ చేసుకున్న నాలుగు కుటుంబాలతో ఈ వారమే నేనే మాట్లాడతాను. మీ బిడ్డ ఏ వేళకు పడుకుంటుందో ఒక్క సందేశం పెట్టండి, ఆ వేళ తప్పించి ఫోను చేస్తాను.