ముందు ఆ మెట్ల మీద లైటు పోవాలి

ఒరేయ్ మామా,

స్క్రిప్టు రెండుసార్లు చదివాను. నగరం నడిబొడ్డున ఇరుకు వీధి, ఒకే పాత భవనంలో కిందా పైనా కాపురముంటున్న రెండు వర్గాలవాళ్ళు, ఓ రాత్రి రాళ్ళు రువ్వుకోవడం. వెయ్యాల్సిన నాటకమే, తప్పకుండా వెయ్యి. కానీ తెర లేచిన మూడో నిమిషానికే రాయి పడిపోయింది. అది ఇంకా చాలా ఆలస్యంగా పడాలి.

రాయి పడ్డాక చూసేవాడికి మిగిలేది ఒకటే పని, ఎవరు విసిరారా అని వెతకడం. ఆ క్షణం నుంచి వాడు నాటకం చూడ్డం మానేసి తీర్పు చెప్పడం మొదలెడతాడు. నీ నాటకానికి కావాల్సింది అది కాదు. కింది వాటా ఆవిడ మాట్లాడుతుంటే ‘ఈవిడ చెప్పింది నిజమే కదా’ అనిపించాలి, పై వాటా పెద్దాయన నోరు విప్పితే ‘ఈయనదీ నిజమే’ అనిపించాలి. ఇద్దరి మాటా సబబుగానే ఉన్నా గొడవ ఆగకపోవడమే భయం పుట్టించేది. తొంభై నిమిషాల నాటకమైతే మొదటి రాయి యాభై, యాభై అయిదు నిమిషాల దగ్గర పడనీ. అప్పటిదాకా చిలికి చిలికి గాలివాన కావాలి.

చిలకడానికి ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న వస్తువు ఒకటి ఉండాలి. నీ స్క్రిప్టులో మతం, భాష, పుట్టిన ఊరు అన్నీ ఉన్నాయి గానీ చేత్తో తాకగలిగేది ఒక్కటీ లేదు. భవనం మధ్యలో మెట్లున్నాయి కదా, వాటిని వాడుకో. మొదటి సన్నివేశంలో మెట్ల మీది బల్బు పోతుంది. కిందవాళ్ళు ‘పైవాళ్ళే ఎక్కువ వాడతారు, వాళ్ళే మార్చాలి’ అంటారు. పైవాళ్ళు ‘పోయినసారి మేమే మార్చాం’ అంటారు. రెండూ నిజాలే. ఎవరూ మార్చరు. మూడో సన్నివేశంలో ఆ చీకట్లో ఓ పిల్లాడు పడతాడు. ఇక్కడిదాకా ఎవరూ చెడ్డవాళ్ళు కారు చూడు.

ఇక పుకారు. నీ నాటకానికి గుండెకాయ ఇదే, నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు. నాలుగు నోళ్ళు పెట్టు, ఒక్కో నోటి దగ్గరా కొంచెం కొంచెం మార్చు. మొదటి మనిషి: “పిల్లాడు మెట్ల మీంచి పడ్డాడట.” రెండో మనిషి: “పడేశారట.” మూడో మనిషి: “తోసేశారు. చూసినవాళ్ళున్నారు.” నాలుగో మనిషి: “తల పగిలింది, బతుకుతాడో లేదో.” మన భాష నీకిక్కడ ఎంత సాయం చేస్తోందో గమనించావా? విన్న మాటకి చివర్న ‘ట’ పెడతాం. రెండో నోటికీ మూడో నోటికీ మధ్య ఆ ‘ట’ రాలిపోయింది. నీ గొడవ పుట్టింది అక్కడ. మూడో నటుడికి ఇది విడిగా చెప్పు: ఆ మాట గట్టిగా అనకూడదు, గొంతు తగ్గించి, మామూలు సంగతిలా అనాలి. అరిచి చెప్పిన పుకారుని జనం అనుమానిస్తారు, గుసగుసగా చెప్పినదాన్ని నమ్ముతారు.

ఇది కల్పన మాత్రమే అనుకోకు. 1991 ఆగస్టులో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్‌లో ఒక యూదు మతపెద్ద కాన్వాయ్‌లోని కారు అదుపు తప్పి ఇద్దరు నల్లజాతి పిల్లల్ని గుద్దింది. ఏడేళ్ళ పిల్లాడు చనిపోయాడు. అక్కడికొచ్చిన యూదుల స్వచ్ఛంద అంబులెన్సు, పోలీసుల మాట మీద, కారు నడిపినవాణ్ణి ముందు తీసుకెళ్ళింది. పిల్లల్ని నగరం అంబులెన్సులు తీసుకెళ్ళాయి. కానీ వీధిలో పాకిన మాట వేరు: పిల్లల్ని కావాలనే వదిలేసి వెళ్ళారని. అదే రాత్రి ఒక యూదు విద్యార్థి కత్తిపోట్లకి బలైపోయాడు. మూడు రోజులు అట్టుడికింది. తర్వాత నటి అన్నా డెవేర్ స్మిత్ రెండు వర్గాల మనుషుల్నీ కలిసి, వాళ్ళ మాటల్ని రికార్డు చేసి, వాళ్ళ సొంత వాక్యాలతోనే 1992లో నాటకం కట్టింది. అందరి పాత్రలూ ఒక్కతే వేసింది. తడబాట్లు, సగంలో ఆపేసిన వాక్యాలు, ‘అదీ... ఏంటంటే’ లాంటివన్నీ ఉంచేసింది. మనిషి ఎక్కడ తడబడతాడో అక్కడే వాడి లోపలి మాట ఉంటుంది.

నువ్వూ నీ వీధిలో మనుషుల్ని కలుస్తానన్నావు కాబట్టి కొన్ని జాగ్రత్తలు. ‘గొడవల గురించి చెప్పండి’ అని మొదలెట్టకు, అప్పజెప్పిన పాఠం వినిపిస్తారు. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారు’ అని అడుగు. రికార్డరు బల్ల మీద కనిపించేలా పెట్టు. రాతపూర్వకంగా అనుమతి తీసుకో, ఎప్పుడు కావాలన్నా తమ మాటలు వెనక్కి తీసుకోవచ్చని ఆ కాగితంలోనే రాయి. గంట రికార్డింగు ఉన్నదున్నట్టు కాగితం మీదికెక్కాలంటే నాలుగైదు గంటలు పడుతుంది, దానికి తగ్గట్టు రోజులు లెక్కేసుకో. పేరు మార్చినంత మాత్రాన చాలదు. ఆ వీధిలో ఒకే ఒక్క కుంటికాలు దర్జీ ఉంటే పేరేం పెట్టినా అందరూ గుర్తుపడతారు. వృత్తి, వయసు, ఏ వాటాలో ఉంటారన్నదీ మార్చు. రాసింది వాళ్ళకి చదివి వినిపించాకే రిహార్సల్‌కి తీసుకెళ్ళు.

తిట్ల సంగతి అడిగావు. వర్గాన్ని కించపరిచే మాట నాటకం మొత్తంలో ఒక్కసారి చాలు, అదీ అప్పటిదాకా మర్యాదగా ఉన్న మనిషి నోటెంట. ప్రతి పేజీలో పెడితే మూడో పేజీకి జనానికి అలవాటైపోతుంది, నొప్పి పోతుంది.

రిహార్సల్స్‌కి ఎనిమిది వారాలు పెట్టుకో. రెండో వారంలో పాత్రలు తారుమారు చేసి చదివించు, కిందవాళ్ళు పైవాళ్ళవి, పైవాళ్ళు కిందవాళ్ళవి. నటులు తమ పాత్రకి వకాల్తా పుచ్చుకోవడం సహజం, దాంతో అవతలివాడి మాట వినకుండా తమ డైలాగు కోసం కాచుక్కూచుంటారు. ఒక్క వారం అటు కూర్చుని వస్తే వినడం వస్తుంది.

రంగులు, దుస్తుల గురించి ఒకే మాట: ఒక వర్గానికో రంగు, ఇంకో వర్గానికో రంగు ఇవ్వకు. లైట్లలో కూడా. 1932లో స్టేజి లైటింగు నిపుణుడు మెక్‌కాండ్లెస్ చెప్పిన పద్ధతి, ఇటు నుంచి ఒకటి అటు నుంచి ఒకటి నలభై అయిదు డిగ్రీల కోణంలో, ఒకటి వెచ్చని రంగు, ఒకటి చల్లని రంగు, ముఖాలు స్పష్టంగా కనిపించడానికి ఇప్పటికీ మంచిదే. కానీ ఆ వెచ్చదనం ఒక వాటాకి, ఆ చల్లదనం ఇంకో వాటాకి అంటగడితే మంచివాళ్ళెవరో నువ్వే చెప్పేసినట్టు.

మెట్లు మాత్రం నిజమైనవి కట్టించు. ఒక్కో మెట్టు పదిహేడు, పద్దెనిమిది సెంటీమీటర్ల ఎత్తు, కాలు పూర్తిగా ఆనేంత వెడల్పు. అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక్కటి రెండు సెంటీమీటర్లు తేడా వచ్చినా పరిగెత్తే నటుడు అక్కడే తూలిపోతాడు. ప్రతి మెట్టు అంచుకీ చీకట్లో మెరిసే టేపు, ఒక పక్క పట్టుకోడానికి గట్టి రెయిలింగు. ఇద్దరు పక్కపక్కన పోలేనంత ఇరుకుగా ఉండాలి. ఎదురుపడితే ఒకరు ఆగాల్సిందే. నీ నాటకమంతా ఆ ఇరుకులోనే ఉంది.

గుంపు. ఎనిమిది మందితో వీధంతా నిండినట్టు చూపించాలి కదా. అందర్నీ వేదిక మీదికి తెచ్చి ‘గోల చెయ్యండి’ అన్నావంటే ఎనిమిది మంది గోలే వినిపిస్తుంది. ముగ్గుర్ని వేదిక మీద ఉంచు, మిగతా అయిదుగురినీ రెండు వింగుల్లోకీ (వేదికకి అటూ ఇటూ కనపడని చోట్లు) వెనక తెర చాటుకీ పంచు. కనిపించని గుంపు ఎప్పుడూ పెద్దదే. ప్రతి ఒక్కరికీ రెండు మాటలు, ఒక అవసరం ఇవ్వు: ఒకడు తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు, ఒకామె దుకాణం షట్టర్ దించాలి, ఒకడు ఊరికే చూడ్డానికొచ్చాడు. ఆ చూడ్డానికొచ్చినవాణ్ణి వదలకు, చివర్లో పనికొస్తాడు.

కొట్లాటని మాత్రం నటుల ఉత్సాహానికి వదిలేశావో, దెబ్బలు నిజంగా తగులుతాయి. వీలైతే స్టేజ్ ఫైట్లు నేర్పేవాళ్ళని పిలిపించు. ఎవరు నేర్పినా సూత్రం ఒకటే: దెబ్బ తినేవాడి చేతిలోనే అంతా ఉండాలి. జుట్టు పట్టుకునేవాడు పిడికిలి బిగించి తల మీద ఆనిస్తాడు అంతే, లాగడు. పట్టుబడ్డవాడు రెండు చేతులతో ఆ మణికట్టుని తలకేసి అదిమి పట్టుకుని తనే కదులుతాడు. తోపుడు కూడా అంతే, అరచేతులు ఛాతీ మీద మెల్లగా ఆనతాయి, వెనక్కి పోయేవాడు తన బలంతో తనే పోతాడు. పడేటప్పుడు మోకాళ్ళ మీదా మణికట్ల మీదా పడకూడదు, కండ ఉన్న చోట, పిరుదు, తొడ పక్కగా ఒరగాలి. చెంపదెబ్బకి చెయ్యి ముఖానికి అందని దూరంలోంచి పోతుంది, చప్పుడు వేరేవాళ్ళు చేతులు చరిచి చేస్తారు. ప్రతి కదలికకీ ముందు ఇద్దరూ కళ్ళల్లోకి చూసుకోవాలి. చూపు కలవకపోతే ఆ దెబ్బ లేదు, తర్వాతి కదలికకి వెళ్ళిపోవాలి.

మొదటి పది రోజులు పావు వేగంతోనే చేయించు. తర్వాత సగం. ప్రదర్శన రోజున కూడా ముప్పావు దాటనివ్వకు, ఎందుకంటే జనం ముందు నిలబడగానే రక్తం ఉరకలేసి వేగం తనంతట తనే పెరుగుతుంది, దూరం తగ్గిపోతుంది. ప్రమాదాలన్నీ అక్కడే. ప్రతి ప్రదర్శనకీ అరగంట ముందు, అదే బూట్లతో, అదే నేల మీద, సగం వేగంతో ఒకసారి మొత్తం చేసి చూసుకోవాలి. ఇరవయ్యో ప్రదర్శనైనా సరే. ఉత్తుత్తి రక్తం వాడితే నేల జారుతుంది, తుడిచే మనిషెవరో ముందే తేల్చుకో. ఎవరన్నా నిజంగా దెబ్బ తింటే అనడానికి నాటకంలో ఎక్కడా రాని ఒక మాట పెట్టుకోండి, అది వినపడగానే అందరూ ఆగిపోవాలి.

రాళ్ళు ఫోమ్‌తో కోసి రంగేసినవి. వాటికి బరువుండదు, బరువంతా నటుడి భుజంలో కనిపించాలి. ప్రేక్షకుల వైపు ఎప్పుడూ విసరనివ్వకు. వింగులోకి విసిరితే అక్కడ మందపాటి గుడ్డ పట్టుకుంటుంది. అద్దం పగిలిన చప్పుడుకి రేకు డబ్బాలో పెంకులు, గాజు ముక్కలు పోసి, మూత కదలకుండా బిగించి, వింగులో నేల మీద పడేస్తే చాలు, రికార్డింగు కంటే నిజంగా ఉంటుంది. నిప్పు మాత్రం వద్దు. నారింజ రంగు జెల్ (లైటు ముందు పెట్టే పల్చటి రంగు షీటు) వేసిన రెండు మూడు లైట్లు పొంతన లేకుండా హెచ్చుతగ్గులవుతుంటే గోడ మీద మంట కనిపిస్తుంది. పొగయంత్రం పెడితే హాల్లో ఫైర్ అలారంతో ముందే పరీక్షించు. కొట్లాట నడుస్తున్నప్పుడు పూర్తి చీకటి చెయ్యకు, నటులకి ఒకరి కళ్ళు ఒకరికి కనిపించాలి.

నాటకం అయ్యాక చర్చ పెడతానన్నావు. ‘తప్పెవరిది’ అనే ప్రశ్నతో మొదలెడితే హాలు రెండు ముక్కలవుతుంది. ‘మీకు ఏ క్షణం గుర్తుండిపోయింది’ అని అడుగు. అంతకంటే మంచిది, బ్రెజిల్‌కి చెందిన నాటక దర్శకుడు అగస్టో బోల్ డెబ్భైల్లో తీర్చిదిద్దిన ఫోరమ్ పద్ధతి. ఒక సన్నివేశం మళ్ళీ వేస్తారు, చూసేవాళ్ళలో ఎవరైనా ‘ఆగండి’ అని వేదికెక్కి ఒక పాత్ర స్థానంలో నిలబడి వేరేలా చేసి చూపిస్తారు. జోకర్ అనే మనిషి దాన్ని నడుపుతాడు, సలహా ఇవ్వడు, ప్రశ్నలే వేస్తాడు. బోల్ పద్ధతిలో అణగారినవాడి స్థానంలోకే వస్తారు. నీ కథలో ఇద్దరూ అలాంటివాళ్ళే కాబట్టి, ఆ ఊరికే చూడ్డానికొచ్చినవాడున్నాడే, వాడి స్థానంలోకి పిలువు. పుకారు సన్నివేశంలో మూడో మనిషి పక్కన వాణ్ణి నిలబెట్టు. ఎవరొచ్చినా ఒళ్ళు తాకే కదలిక ఉండకూడదని మొదటే చెప్పు. నలభై నిమిషాలు కేటాయించు.

చివరి సన్నివేశంలో వాళ్ళు చేతులు కలపడం తీసెయ్యి. బల్బు ఇంకా రాలేదు. కిందావిడ పైకెక్కుతోంది, పెద్దాయన దిగుతున్నాడు. మధ్య మెట్టు మీద ఇద్దరూ ఆగారు, ఒకరికొకరు దారివ్వాలి. మనసులో అయిదు లెక్కపెట్టుకుని లైట్లు ఆపెయ్యమను.

ముందు ఆ పుకారు సన్నివేశం తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

నీ,
మామ